వినడానికి వెళ్ళేవారి దరఖాస్తు

డిపోలో బస్సులు కిటికీ అద్దాల దాకా మునిగిన వరద వచ్చిన పదకొండో ఏడు, ఈ దేశంలో ఏ మనిషీ ఇకమీదట తనంతట తాను పరాయి దేశానికి పాట వినడానికి పోరాదని ప్రభుత్వం నిర్ణయించింది. వినొద్దని కాదు. వినమనే. కాకపోతే దారి తప్పకుండా వినాలి. కచేరీలకని బయల్దేరిన జనం రైలనుకుని బస్సెక్కి, బస్సనుకుని పడవెక్కి, చివరికి ఎక్కడో సున్నపు గనులు చూసి ఇంటికొస్తున్నారని ఒక సంఘం నివేదిక ఇచ్చింది. (సంఘం సభ్యులు కూడా ఆ గనులు చూసొచ్చినవారే. నివేదిక రాసేవాడికి అనుభవం ఉండాలి కదా.)

అలా సంగీత సంచార సమన్వయ సంస్థ పుట్టింది. నాలుగు అంతస్తులు, పదహారు కిటికీలు, ఒక లిఫ్టు. లిఫ్టు మూడో అంతస్తు దాకానే వెళ్ళేది, దరఖాస్తులు నాలుగో అంతస్తులో తీసుకునేవారు. గేటు మీద పెద్ద అక్షరాలతో 'పాట మీది, బాట మాది' అని రాయించారు.

నియమాల్లో పెద్దది ఒకటే. పరదేశంలో కచేరీకి పోయేవారు సొంత బండి గానీ అద్దె కారు గానీ ఎక్కరాదు. బస్సు, రైలు, ట్రాము, పడవ. ఏది ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతారో ముందే అంచెలుగా రాసివ్వాలి. దానికి ఆమోదం రావాలి. ఆ ఆమోదాన్ని ఫోనులో 'దారిదీపం' అనే యాప్‌లో వెలిగించుకోవాలి. దీపం ఆకుపచ్చగా వెలిగితే వెళ్ళొచ్చు. పసుపుపచ్చగా వెలిగితే ఆగాలి. మొదటి రెండేళ్ళలో ఆకుపచ్చ దీపం చూసినవాళ్ళు లేరు గానీ, అది చాలా అందంగా ఉంటుందని సంస్థ పుస్తకంలో రాసుంది.

వరదలో మునిగిన ఆ డిపోలోనే ముప్ఫై నాలుగేళ్ళు టైంకీపరుగా చేసి దిగిపోయిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఉద్యోగం పోయినా పేరు పోలేదు, ఊరంతా ఆయన్ని టైంకీపరనే పిలిచేది. రోజంతా ఆయన మాట్లాడే మాటలు ఒక బస్సు టికెట్టు వెనకాల రాస్తే ఇంకా కొంచెం చోటు మిగులుతుంది.

ఆయన డిపోకి చేసిన మేలు ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే, జనం ఎప్పుడూ పది నిమిషాలు ఆలస్యంగా వస్తారని కనిపెట్టాడు. కనిపెట్టి, బోర్డు మీద టైములన్నీ పది నిమిషాలు ముందుకి రాయించాడు. ఎనిమిది అని రాసున్న బస్సు ఎనిమిదీ పదికి కదిలేది. కొన్నాళ్ళకి జనానికి సంగతి తెలిసింది. వాళ్ళు బోర్డు చూసి పది కలుపుకుని వచ్చేవారు. డ్రైవర్లు పది కలుపుకుని తీసేవారు. పై అధికారులు చెప్పకుండా తనిఖీకొస్తే, వాళ్ళూ పది కలుపుకునే వచ్చేవారు. ఆ ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క బస్సు కూడా ఆలస్యంగా నడిచినట్టు రికార్డులో లేదు. దిగిపోయే రోజున సమయపాలనకి ఆయనకి పతకం ఇచ్చారు. (సభ పది నిమిషాలు ఆలస్యంగా, అంటే సరిగ్గా, మొదలైంది.)

ఆయన భార్య కుట్టుపని చేసేది. డ్రైవర్ల కాకీ చొక్కాలన్నీ ఆమె మిషను మీదుగా పోయినవే. మిషను పక్కన అరలో రేడియో. రేడియోలో పెద్ద గాయని. ముప్ఫై ఏళ్ళు అలా ఒకరు పాడుతుంటే ఒకరు కాజాలు కుట్టారు. గాయని తర్వాత ఎప్పుడో సముద్రాలు దాటి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. టైంకీపరు భార్య మిషను దగ్గరే ఉండిపోయింది.

ఆమెకి అరవై ఒకటో ఏట ఎడమ చెవి పోయింది. కుడిది కూడా మెల్లిగా మూటాముల్లె సర్దుకుంటోంది. ఆమె చెల్లెలు ఊళ్ళో చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్ష మెషీను నడిపేది. అక్కని గాజుగదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, మీటలు నొక్కి, బయటికొచ్చి చెప్పింది.

"అక్కా, దాచడమెందుకు. కుడిది కూడా ఈ ఏడాది దాటదు. ముందు సన్న గొంతులు పోతాయి. బొంగురు గొంతులు ఆఖరికి పోతాయి."

"అయితే మీ బావ గొంతు చివరిదాకా ఉంటుందన్నమాట."

"అదేగా నా ఏడుపు! ఉన్నదేమో ఆయన గొంతు. ఆయన నోరు విప్పితేగా నీకు వినపడ్డానికి. ఏం బావగారూ, ఇప్పుడైనా ఒక మాట అనండి, చెవి పనిచేస్తుందో లేదో చూద్దాం."

టైంకీపరు గోడమీది గడియారం చూశాడు. అది మూడు నిమిషాలు వెనకుంది.

ఆ వారమే పేపర్లో పడింది. పెద్ద గాయని ఆఖరిసారి పాడుతోంది. పరదేశంలో అయిదు నగరాలు, నెలకొకటి. ఆ తర్వాత ఇక పాడదు. టైంకీపరు భార్య ఆ ముక్క కత్తిరించి, సూదుల డబ్బాలో పెట్టుకుంది. రెండ్రోజులయ్యాక అంది.

"నేనెప్పుడూ ఆవిడ పాట ఒక్కటి కూడా పూర్తిగా వినలేదండీ."

"రోజూ విన్నావుగా."

"మిషను చప్పుడులో విన్నా. మిషను ఆపితే చొక్కాలు ఎవరిస్తారు? ఒక్కసారి చేతిలో పనేం లేకుండా కూచుని వినాలని ఉంది. ఒక్క పాట చాలు. ఆ తర్వాత పోతే పోనీ."

టైంకీపరు, "పోదాం," అన్నాడు. ఆ రోజుకి ఆయన మాటలు అయిపోయాయి.

మర్నాడే నాలుగో అంతస్తుకెక్కి, మూడో కిటికీ దగ్గర 'వినడానికి వెళ్ళేవారి దరఖాస్తు' తీసుకున్నాడు. ఇరవైరెండు పేజీలు. కిటికీ వెనక గుమస్తా మంచివాడు. ఎవర్నీ విసుక్కునేవాడు కాదు. ఎవరి పనీ చేసేవాడు కాదు గానీ, చేయకపోవడం ఎంతో ఓపిగ్గా చేసేవాడు.

"ప్రయాణ ఉద్దేశం దగ్గర ఖాళీ వదిలేశారే, పెద్దాయనా."

"వినడం అని లేదు."

"ఉండదండీ. వ్యాపారం, చదువు, వైద్యం, అంత్యక్రియలు, ఇతరం. ఇవే."

"ఇది వినడానికి వెళ్ళేవారి దరఖాస్తే కదా?"

"అందుకే లేదండీ. అది అందరికీ తెలిసిందేనని తీసేశారు. మీరు 'ఇతరం' కొట్టి, ఇతరం అంటే ఏమిటో విడిగా ఒక ప్రమాణపత్రం జతచెయ్యండి."

జతచేశాడు. మర్నాడు గుమస్తా అన్నాడు.

"శ్రోతకీ మీకూ సంబంధం దగ్గర 'భర్త' అని రాశారు. తండ్రి, సంరక్షకుడు, అభిమాని, ఈ మూడింట్లో ఒకటుండాలి."

"మొగుణ్ణి."

"కాదన్నానా? మొగుడిగా మీరు ఇంట్లో ఉండొచ్చు. ప్రయాణానికి మాత్రం వీటిలో ఒకటి కావాలి."

టైంకీపరు కాసేపు ఆలోచించి 'అభిమాని' అన్నచోట గీత గీశాడు. ఇంటికెళ్ళాక ఆ సంగతి తెలిసి మరదలు పడీపడీ నవ్వింది. "నలభై ఏళ్ళకి ఒప్పుకున్నాడే అక్కా! అదీ దరఖాస్తులో!" అంది. అక్క కూడా నవ్వి, ఎందుకైనా మంచిదని ఆ పేజీకి ఒక నకలు తీయించుకుంది.

అసలు చిక్కు పన్నెండో పేజీలో ఉంది. పేరు శ్రోత అర్హత. కచేరీలో సీట్లు తక్కువ కాబట్టి, విననివాళ్ళు కూర్చుని వాటిని పాడుచేయకుండా, దరఖాస్తుదారుకి నూటికి నలభై పాళ్ళయినా వినికిడి ఉన్నట్టు ఆసుపత్రి చీటీ కావాలి. నలభైకి తగ్గితే ఏం చేస్తారని టైంకీపరు అడిగాడు.

"ఏం లేదండీ, రాయితీ ఇస్తాం. వినికిడి లోపం ఉన్నవారికి ప్రయాణంలో సగం టికెట్టు. మొదటి వరసలో సీటు కూడా."

"కచేరీకా?"

"ఏ కచేరీకైనానండీ. కాకపోతే వాళ్ళకి కచేరీకి వెళ్ళే అర్హత ఉండదు."

మెషీను ముప్ఫై ఆరు చెప్పింది. మరదలు నలభై ఒకటి రాసింది.

"మెషీనుకేం తెలుసు బావగారూ, అది నిన్నగాక మొన్నొచ్చింది. మా అక్కని నేను పుట్టినప్పట్నించి చూస్తున్నా."

చీటీ తొంభై రోజులు పనిచేస్తుంది. దరఖాస్తు పరిశీలనకి నూట ఇరవై రోజులు పడుతుంది. (ఈ రెండు నియమాలూ రాసినవారు పక్కపక్క గదుల్లోనే కూర్చుంటారు. మధ్య గోడకి తలుపు లేదు.) అంచేత మూడు నెలలకోసారి అక్కాచెల్లెళ్ళు గాజుగదిలో కలుసుకునేవారు. రెండోసారి మెషీను ఇరవై తొమ్మిది అంది. చెల్లెలు నలభై ఒకటి రాసింది. ఇంత నిలకడైన చెవి తమ రికార్డుల్లో ఇంకోటి లేదని సంస్థ మెచ్చుకుంటూ ఒక ఉత్తరం పంపింది.

ఇంతలో టైంకీపరు అంచెల పట్టిక తయారుచేస్తున్నాడు. ఆ పని ఆయనకి సరిపోయింది. పొడుగు పుస్తకంలో ఎర్రగీతలు గీసి, పరదేశం బస్సులూ రైళ్ళూ ట్రాములూ రెండు పడవలూ వరసగా దింపాడు. అయిదు నగరాలకి ముప్ఫై ఒక్క అంచెలు. బండి మారడానికి ఏడు నిమిషాలకి తగ్గకూడదు, పదకొండుకి మించకూడదని నియమం. ఏడుకి తగ్గితే పరుగు, పదకొండు దాటితే తిరుగుడు. బాత్రూముకి వెళ్ళడం తిరుగుడు కిందికొస్తుంది. ఇవన్నీ చూసుకుని, ప్రతి బండికీ అచ్చులో ఉన్న టైముకి పదేసి నిమిషాలు కలిపి వేశాడు. అచ్చులో ఉన్నది జనం కోసమని, అసలు టైము వేరే ఉంటుందని ఆయనకి తెలుసు. ఆ విద్యలో ఆయన్ని మించినవాడు లేడు. ఎందుకు కలిపావని ఎవరూ అడగలేదు. దారిదీపం కూడా అడగలేదు. (అది ఆయన ఫోటోలో చెవులు సరిగ్గా కనపడటం లేదని మాత్రం అడిగింది.)

గుమస్తా ఆ పట్టిక చూసి లేచి నిలబడ్డాడు. "ఇంత శుభ్రంగా ఎవరూ రాయలేదండీ. పటం కట్టించి పెట్టుకోవచ్చు. కాకపోతే పెన్నుతో రాశారు."

"అయితే?"

"పెన్సిలుతో రాయాలి. ఆమోదమయ్యాక మేం పెన్నుతో దిద్దుతాం. మీరే పెన్నుతో రాసేస్తే ఇక మేమెందుకండీ ఇక్కడ?"

ముప్ఫై ఒక్క అంచెలూ పెన్సిలుతో మళ్ళీ రాసేసరికి మొదటి నగరంలో కచేరీ అయిపోయింది.

రెండో నగరం చెవుల ఫోటోల దగ్గర పోయింది. మూడో నగరం నాటికి దీపం పసుపుపచ్చ నుంచి కొంచెం లేతబడింది. టైంకీపరు భార్య దాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి, "ఆకుపచ్చే అనుకుంటానండీ," అంది. మూడో కిటికీ గుమస్తా అది ఫోను చార్జింగు తగ్గడం వల్ల వచ్చిన రంగని చెప్పాడు. ఆ లోపల మూడో నగరమూ పోయింది.

నాలుగో నగరానికి వారం ముందు దీపం నిజంగా వెలిగింది. ఆకుపచ్చ. పుస్తకంలో చెప్పినట్టే అందంగా ఉంది. పక్కింటివాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ఆ సాయంత్రమే, పెద్ద గాయనికి గొంతు నొప్పి చేసి నాలుగో నగరం కచేరీ రద్దయిందని కబురొచ్చింది. మిగిలింది అయిదోదొక్కటి.

మెషీను ఆ వారం ఇరవై రెండు చెప్పింది. మరదలు నవ్వకుండా నలభై ఒకటి రాసింది.

టైంకీపరు నాలుగో అంతస్తుకెక్కాడు.

"నేరుగా అయిదో ఊరికి పోతాం."

"కుదరదండీ. దీపం నాలుగో ఊరి పేరున వెలిగింది. నాలుగో అంచెల గుంపు పూర్తయితేనే అయిదోది తెరుచుకుంటుంది."

"నాలుగో ఊళ్ళో కచేరీ లేదు."

"అది మాకూ బాధగానే ఉందండీ. అయితే దీనికో వెసులుబాటుంది." గుమస్తా అటూ ఇటూ చూసి, తన మనిషికి మేలు చేస్తున్నవాడిలా ముందుకి వంగాడు. "నాలుగో నగరానికి వెళ్ళనట్టు ధ్రువపత్రం తెచ్చుకుంటే చాలు. అయిదోది దానంతటదే తెరుచుకుంటుంది."

"ఎక్కడిస్తారు?"

"నాలుగో నగరంలోనండీ. స్టేషన్లోనే మా కిటికీ ఉంది."

టైంకీపరు జీవితంలో మొదటిసారి ఒక పొడుగు వాక్యం మాట్లాడాడు. "అంటే అక్కడిదాకా వెళ్ళి, నేనిక్కడికి రాలేదని రాయించుకోవాలా?"

"మరి స్వయంగా రావాలి కదండీ! రానివాళ్ళకి ఎలా ఇస్తారు?"

బయల్దేరారు. మరదలు బస్సు దాకా వచ్చి, అక్క మెడ చుట్టూ చేతులేసి, కుడిచెవి దగ్గర ఏదో చెప్పింది. అక్క, "ఆఁ?" అంది. మరదలు మళ్ళీ గట్టిగా, "బావగారిని తప్పిపోకుండా చూసుకో," అంది. బస్సులో ఉన్నవాళ్ళందరికీ వినపడింది.

పరదేశంలో మొదటి రెండు రోజులు టైంకీపరు విద్యకి ఎదురులేకపోయింది. దిగిన ఊళ్ళో రైలు తొమ్మిదింబావుకని అచ్చులో ఉంటే, ఆయన భార్యని బెంచీ మీద కూర్చోబెట్టి, రొట్టె తినిపించి, తొమ్మిదీ ఇరవై నాలుగుకి ప్లాట్‌ఫారం మీదికి తెచ్చాడు. అప్పుడే రైలొచ్చింది. ఆ రోజు పట్టాల మీద ఏదో మరమ్మతని ఆలస్యమైందట. ఆయనకి ఆ సంగతి తెలియదు. భార్య వైపు చూసి తల పంకించాడు. లోకమంతా డిపో లాంటిదేనని ఆయనకి నమ్మకం కుదిరింది. మర్నాడు పడవ కూడా మంచు వల్ల తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా కదిలింది. "చూశావా," అన్నాడు.

నాలుగో నగరం స్టేషన్లో కిటికీ ఉన్నమాట నిజమే. గాజు వెనకున్నావిడ వాళ్ళిద్దర్నీ ఎగాదిగా చూసి, పేర్లు సరిచూసి, వేలిముద్రలు తీసుకుని, వీరు ఈ నగరానికి రాలేదని రాసి ముద్ర వేసింది. ముద్ర మీద ఆ రోజు తేదీ, వాళ్ళు వచ్చిన గంట, నిమిషం కూడా ఉన్నాయి. దారిదీపంలో అయిదో నగరం తెరుచుకుంది.

అక్కడినుంచి మూడు గంటల రైలు. దిగాక ఇంకొక్క బస్సెక్కితే చాలు. స్టేషను ముందు స్టాపులో నాలుగూ నలభై రెండుకెక్కితే అయిదున్నరకి కచేరీ మంటపం గేటు దగ్గర దింపుతుంది. ఆరింటికి పాట.

స్టాపు ఎదురుగానే చిన్న టీకొట్టు. టైంకీపరు భార్య నలభైకల్లా స్టాపులో నిలబడదామంది.

"ఇంకా పన్నెండు నిమిషాలుంది," అన్నాడు టైంకీపరు. "అచ్చులో అలాగే వేస్తారు."

ఆమె నమ్మింది. తమ ఊళ్ళో సమయపాలనకి పతకం వచ్చింది ఆయనకే కదా. టీ వేడిగా ఉంది. ఆమె కొంగు సవరించుకుని, చేతిసంచీలోంచి అద్దం తీసి ఒకసారి చూసుకుంది. ఎదురుగా పచ్చరంగు బస్సొకటి వచ్చి ఆగింది. ఆరుగురు ఎక్కారు. కదిలింది. టైంకీపరు చేతిగడియారం చూసుకున్నాడు. నాలుగూ నలభై రెండు. ఇది దీనికి ముందుది అయ్యుంటుందనుకున్నాడు. ఆలస్యంగా వచ్చిన ముందు బస్సు. పాపం, ఆ టైంకీపరెవరో చేతకానివాడు.

నాలుగూ యాభై రెండుకి స్టాపులో నిలబడ్డారు. అయిదూ పదిహేను దాకా నిలబడ్డారు. ఆ తర్వాత వచ్చిన బస్సు మంటపం గేటు దగ్గర వాళ్ళని ఆరూ మూడుకి దింపింది. పరుగెత్తారు. అరవై ఏళ్ళ మనుషులు ఎంత పరుగెత్తగలరో అంతే పరుగెత్తారు. పెద్ద తలుపు ఆరింటికే మూసేశారు.

తలుపు దగ్గర నల్లకోటు వేసుకున్న ఒకావిడ నవ్వుతూ దండం పెట్టి, పక్క నడవలోకి దారి చూపించింది. చివర ఒక గది. అరవై మెత్తటి కుర్చీలు, గోడ నిండా తెర. ఇరవై మంది దాకా కూర్చుని ఉన్నారు. తెర మీద పెద్ద గాయని. తెల్లజుట్టు. చేతులు ముడుచుకుని, కళ్ళు మూసుకుని పాడుతోంది. పెదాలు కదులుతున్నాయి. గదిలో చప్పుడు లేదు.

టైంకీపరు నల్లకోటావిడని చెవి చూపించి అడిగాడు. ఆవిడ తలుపు పక్కన బోర్డు చూపించింది. ఆయన ఫోను దానికెదురుగా పెట్టాడు. దారిదీపం తర్జుమా చేసింది. 'ఆలస్య శ్రోతల గది. దృశ్యం అందరికీ. శబ్దం సమయానికి వచ్చినవారికి.'

ఆయన వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. కుడిచెవి వైపు.

"లోపలికి పోనివ్వరా?" అంది ఆమె.

"నిండిపోయింది. ఇక్కడే కూచోమన్నారు."

"పోనీలెండి, ఇక్కడా బాగానే ఉంది. పెద్దగా కనపడుతోంది." ఆమె ముందుకి వంగింది. మెడ తిప్పి కుడిచెవిని తెరకి పెట్టింది. కాసేపయింది. "ఇంకా మొదలెట్టలేదేమండీ?"

టైంకీపరు తెర వైపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మర్యాదగా, కదలకుండా చూస్తున్నారు. తెరలో జనం చప్పట్లు కొట్టారు. గదిలో వాళ్ళూ కొట్టారు. అలవాటున్నవాళ్ళలా ఉన్నారు.

"మొదలెట్టిందిగా," అంది ఆమె, ఆ చప్పట్లు చూసి. గొంతు మారింది. "మీకు వినపడుతోందా?"

చెప్పాల్సింది చిన్నమాట. ఎవరికీ వినపడటం లేదే, నేను పది నిమిషాలు కలిపాను. అంతే. టికెట్టు వెనక రాసినా ఇంకా చోటు మిగులుతుంది. కానీ ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క బస్సూ ఆలస్యంగా నడవలేదు. ఆ రికార్డంతా వచ్చి ఆ మాటకి అడ్డం పడింది.

"ఆఁ," అన్నాడు.

ఆమె వెనక్కి ఆనుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "అయితే పోయిందండీ. మీ మాట వినపడుతోంది, ఆవిడది పోయింది. సన్న గొంతులే ముందు పోతాయని చెప్పిందిగా చెల్లి." కొంగు సర్దుకుని, "ఇవాళే పోవాలా," అంది. ఏడవలేదు. పనివాడి మీద చిరాకు పడ్డట్టు అంది.

మళ్ళీ ఆయన వైపు తిరిగింది. "ఏ పాట పాడుతోంది?"

ఆయనకి పాటల పేర్లు తెలియవు. "నువ్వు చొక్కాలు కుట్టేటప్పుడు వచ్చేది," అన్నాడు.

"అన్నీ అప్పుడే వచ్చేవి. ఎత్తుగడ ఎలా ఉంది, మెల్లిగానా?"

"మెల్లిగానే."

ఆమె మొహం విప్పారింది. "అయితే అదే. నాకు తెలుసు అదే ముందు పాడుతుందని." తెర మీద పెదాలు చూస్తూ మెల్లిగా అందుకుంది. ముప్ఫై ఏళ్ళు మిషను చప్పుడులో విన్న పాట. తెరలో పెదాలకీ ఈమె మాటలకీ కలవలేదు. తెరలో ఆగినచోట ఈమె ఆగలేదు. అయినా ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగారు. ఆ గదిలో ఆ సాయంత్రం వినపడ్డ పాట అదొక్కటే.

నల్లకోటావిడ మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి, నవ్వుతూ, ఒక చీటీ ఇచ్చి వెళ్ళింది. టైంకీపరు దాని మీద ఫోను పెట్టాడు. 'ఈ గదిలో పాడరాదు. లోపల వింటున్నవారికి ఇబ్బంది.'

"ఏమిటట?" అంది భార్య.

"బాగా పాడుతున్నావట."

"అయ్యో!" అని ఆమె సిగ్గుపడి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇక పాడలేదు. నియమం అమలైంది. కచేరీ అయిపోయేదాకా ఇద్దరూ కూర్చున్నారు. పాట మారినప్పుడల్లా ఆమె అడిగింది, ఆయన చెప్పాడు. పెళ్ళయ్యాక అంతసేపు ఆయన మాట్లాడటం అదే మొదలు. ఒక పాట బాగోలేదని కూడా చెప్పాడు, నమ్మకంగా ఉంటుందని.

మర్నాడు పొద్దున బసలో ఇద్దరూ సంచులు సర్దుకుని మంచం అంచున కూర్చున్నారు. తిరుగు టికెట్ల కోసం దారిదీపం తెరిస్తే దీపం పసుపుపచ్చగా ఉంది. కింద ఒక ప్రశ్న ఉంది. 'నిన్నటి కచేరీలో శబ్దం ఎలా వినిపించింది? జవాబిచ్చాకే తిరుగు ప్రయాణం తెరుచుకుంటుంది.' పక్కన అయిదు ఖాళీ చుక్కలు.

టైంకీపరు మొదటి చుక్క మీద వేలు పెట్టబోయాడు. భార్య ఆయన భుజం మీదుగా వంగి చదివింది.

"బాగుందనే కొట్టండి," అంది. "నా చెవి పోతే వాళ్ళేం చేస్తారు."

ఆయన అయిదు చుక్కలూ నొక్కాడు. వివరాలు రాయమంటే, పెన్సిలు పట్టే వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, 'స్పష్టంగా వినిపించింది' అని రాశాడు. ఇదే సౌకర్యం మిగతా నగరాలకీ విస్తరించమంటారా అని దారిదీపం అడిగింది. దానికీ అవునన్నాడు. దీపం ఆకుపచ్చగా వెలిగింది.